ఎడమ చేయి సంగతి

టిల్‌ఫోర్డ్, జార్జియా
మే 3, 1949

ఓమా అక్కకి,

చేరగానే రాస్తానని మాటిచ్చి రాయలేదు. ఈపాటికి నన్ను తిట్టి అలిసిపోయి ఉంటావు. చేరడం అంటే ఏమిటో నాకే తెలియలేదక్కా. పెళ్ళయిన ఈ అయిదు వారాల్లో మూడు గదులు మారాం. మొదటి గదిలో పెట్టెలో బట్టలన్నీ బయటికి తీసి సర్దుకున్నాను. రెండో గదిలో సగమే తీశాను. ఇక్కడ తాడు కూడా విప్పలేదు, మంచం కింద అలాగే ఉంది. ఇంటామె మిసెస్ పర్విస్ చూసి, "బట్టలు బయట పెట్టుకోమ్మా, అవేం కరవవు" అంది. నవ్వి ఊరుకున్నాను. ఎవరైనా ఏమైనా అంటే నాకు జవాబు మర్నాటికి గానీ తోచదని నీకు తెలుసుగా.

డెల్బర్ట్ బాగున్నాడు. ఆయన పిచర్ కదా, అంటే బంతి విసిరేవాడు. ఇప్పటికి నాలుగు ఆటల్లో విసిరాడు, మూడు గెలిచారు. ఈ బేస్‌బాల్లో లీగులు మెట్ల వరసలాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయట. పై మెట్టు మీద ఆడేవాళ్ళ బొమ్మలే పేపర్లో వస్తాయి. మాది అట్టడుగుది. "దీని కింద మట్టే ఉంది" అంటాడాయన. బస్సులో పగలంతా పోతారు, ఆడతారు, మళ్ళీ పోతారు. వారంలో నాలుగు రోజులు నేను ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుని కిటికీలోంచి ఐసు బండి కోసం చూస్తుంటాను. ఐసు నాకక్కర్లేదు. అది కదులుతుంది కాబట్టి చూస్తాను.

మా పక్క గదిలో ఆన్సెల్ టిడ్వెల్ అని అలబామా కుర్రవాడు ఉన్నాడు. మా ఆయన విసిరిన బంతిని పట్టేది అతనే, క్యాచర్ అంటారు. పల్లీ రైతుల బిడ్డ, రెండు చేతులూ రొట్టెలు కాల్చే పెనాల్లాగా ఉంటాయి. ముగ్గురం మిసెస్ పర్విస్ బల్ల దగ్గరే తింటాం. నిన్న అతను, "డెల్బర్ట్, మీ ఆవిడ మాట్లాడుతుందా, లేకపోతే ఆ సౌకర్యం లేని రకమా?" అన్నాడు. నేను ఎర్రబడిపోయాను. డెల్బర్ట్ ఏమన్నాడో తెలుసా? "మా ఊళ్ళో ఆడపిల్లలందరూ నాతో మాట్లాడారు. ఇది ఒక్కతే విన్నది. అందుకే చేసుకున్నాను. దీనికి చెప్పినది బావిలో రాయి వేసినట్టే, మళ్ళీ పైకి రాదు."

ఆ మాట నేను రోజూ తలుచుకుంటున్నానక్కా. ఆరో తరగతితో బడి మానేసినదానికి ఎవరైనా ఇచ్చిన బహుమతి అదొక్కటే.

బావ దగ్గు ఎలా ఉంది?

నీ వెర్లీ

---

లారెల్ ప్రాంగ్, కెంటకీ
మే 15, 1949

ఒసే వెర్లీ,

తిట్టి అలిసిపోలేదు, కాస్త ఊపిరి తీసుకుంటున్నాను. నీ ఉత్తరం మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. బావిలో రాయి మాట దగ్గర, "అదృష్టవంతుడు. నా బావిలో ఏది వేసినా మూడు ఊళ్ళకి వినిపిస్తుంది" అన్నాడు. గరిటె విసిరాను. నేను నీ మొగుడిలాగా ఎడమచేతివాటం కాదు కాబట్టి తగల్లేదు.

దగ్గు అలాగే ఉంది. గనిలోకి దిగే ప్రతివాడికీ ఉన్నదే. మన నాన్న దగ్గులాగా ఇంకా కాలేదు. డెల్బర్ట్‌తో ఒక మాట చెప్పు: గని ద్వారం దగ్గర అతని పేరున తగిలించే ఇత్తడి బిళ్ళ తీసేసి, ఆ నంబరు ఇంకొకడికి ఇచ్చేశారు. అంటే ఇక వెనక్కి రావద్దని. వచ్చాడో, నువ్వూ నాలాగే సాయంత్రం గుమ్మంలో నిలబడి మనుషుల్ని లెక్కపెడతావు. వాణ్ణి పైకి చూస్తూ విసరమను.

మిస్టర్ ఎల్కిన్స్ అయితే చర్చిలో ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాడు. దాణా కొట్టు మనిషి అని ఎవరైనా అంటే కోపం. "బేస్‌బాల్ క్లబ్బుకి ఈ కొండల్లో కన్నుని నేనే. ఆ డెల్బర్ట్‌ని గని జట్టులో చూసి పంపించింది ఎవరనుకున్నారు?" అంటాడు. మొన్న ఆదివారం పాట మధ్యలో కూడా అన్నాడు.

పెట్టె తాడు విప్పు. కాగితం గీకేసినట్టు రాస్తున్నాను, కోపం కాదు, నా చేతిరాతే ఇంత.

ఓమా

---

టిల్‌ఫోర్డ్
జూలై 8, 1949

అక్కా,

ఈ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదువు, చదవగానే అందులో వేసెయ్.

డెల్బర్ట్ చేయి బాగాలేదు. ఎడమ చేయి, భుజం లోపల. మూడు వారాలుగా తల కుడిచేత్తో దువ్వుకుంటున్నాడు. చొక్కా గుండీలు నేను పెడుతున్నాను. ఆట ఉన్న రోజు పొద్దున మిసెస్ పర్విస్ దగ్గర వేడినీళ్ళు అడిగి, నా పాదాలు వాచాయని అబద్ధం చెప్పి, గదిలో ఆయన భుజానికి కాపడం పెడతాను. ఆవిడ పాపం నా పాదాల కోసం ఉప్పు కూడా ఇచ్చింది.

ఇక్కడి పద్ధతి నీకు అర్థం కాదేమో. చేయి నొప్పి అని ఎవరూ అనరు. భార్యలు కూడా అనరు. నొప్పి అన్నవాడికి మేనేజరు మిస్టర్ హాగ్లర్ మందు ఇవ్వడు, బస్సు టిక్కెట్టు ఇస్తాడు. మే నెలలో ఒకడు అన్నాడు, సాయంత్రానికి వాడి మంచం ఖాళీ. డెల్బర్ట్‌ని పంపేస్తే ఎక్కడికి వస్తాం? మళ్ళీ ఆ గని బిళ్ళ కోసమే కదా.

ఆయన నాతో కూడా పైకి అనడు. కాపడం పెడుతుంటే గోడ వైపు చూస్తూ, "ఇవాళ వాతావరణం ఎలా ఉంది?" అంటాడు. "కొంచెం మబ్బుగా ఉంది" అంటాను. అంతే. ఆన్సెల్‌కి మాత్రం తెలుసనుకుంటాను. బంతి చేతికి తగిలే దెబ్బలోనే వాళ్ళకి తెలిసిపోతుందట. అతనూ ఏమీ అనడు. కానీ ఈమధ్య ఆటలో నెమ్మది బంతులే ఎక్కువ అడుగుతున్నాడని డెల్బర్ట్ విసుక్కుంటున్నాడు.

నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, కూర్చోలేను, నిలబడలేను. నీకొక్కదానికే రాస్తున్నాను. ఆయన కోసం ప్రార్థన చెయ్యక్కా. నీ ప్రార్థన ఎప్పుడూ గట్టిది.

వెర్లీ

---

లారెల్ ప్రాంగ్
జూలై 19, 1949

బంగారు చెల్లికి,

ఇక దిగులు పెట్టుకోకు. మామూలుగా కాదు, పద్ధతి ప్రకారం చేయించాను.

ఆదివారం పాటలయ్యాక పాస్టరు గారు, "ఎవరి కోసం ప్రార్థించాలి?" అనగానే లేచి నిలబడ్డాను. "నా చెల్లెలి మొగుడి ఎడమ భుజం" అన్నాను. పేరు నేను చెప్పలేదు సుమా. కానీ నాకున్నది ఒక్క చెల్లెలు, దానికున్నది ఒక్క మొగుడు. దూరాన ఉన్న రోగి బదులు ఇంకొకరిని కుర్చీలో కూర్చోబెట్టడం నీకు తెలుసుగా, మీ బావని కూర్చోబెట్టాం. నూనె రాయడానికి కోటు విప్పమంటే సిగ్గుపడ్డాడు. పాస్టరు గారు కుడి భుజానికి రాయబోతుంటే నేను, "ఎడమది, ఎడమది! బంతి విసిరేది ఎడమ!" అని అరిచాను. చుట్టూ ఇరవై మంది నిలబడి చేతులు వేశారు. మీ బావ ఇంటికొచ్చి, "నూనె మరక పోకపోతే ఆ చొక్కా డెల్బర్ట్‌కే పంపు" అన్నాడు. కానీ కుర్చీలో ఉండగా ఏడ్చాడే. నేను చూశాను.

అందరికన్నా ముందు చెయ్యి వేసింది మిస్టర్ ఎల్కిన్స్. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నా పిల్లవాడు, నేను కనిపెట్టిన పిల్లవాడు" అన్నాడు. ఎంత మంచి మనిషో.

చెయ్యి ఎలా ఉందో వెంటనే రాయి. పాస్టరు గారు వచ్చే ఆదివారం అందరికీ చెప్పాలంటున్నారు.

నీ అక్క ఓమా

---

టిల్‌ఫోర్డ్
జూలై 30, 1949

ఓమా,

నీ మంచి మనిషి మిస్టర్ ఎల్కిన్స్ మర్నాడే క్లబ్బు పెద్దలకి ఫోను చేశాడు. చెడు ఉద్దేశంతో కాదు. "మా చర్చి అంతా ఆ చేయి కోసం ప్రార్థిస్తోంది, మీరూ కాస్త జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడట.

వాళ్ళు జాగ్రత్తగానే చూసుకున్నారు. గురువారం డాక్టరుని పంపించారు. చెయ్యి ఎత్తమంటే భుజం దాకా లేచి ఆగిపోయింది. మిస్టర్ హాగ్లర్ అందరి ముందూ, "చేయి లేని పిచర్‌ని పెట్టుకుని నేనేం చేసుకోను? బెంచీ మీద కూర్చో, నెలాఖరుకి చూస్తాను" అన్నాడు. నెలాఖరు అంటే రేపు.

డెల్బర్ట్ ఇంటికొచ్చి మంచం అంచు మీద కూర్చున్నాడు. అడుగుతాడు, చెప్పేస్తాను అనుకున్నాను. "ఎవడో చెప్పాడు వెర్లీ" అన్నాడు. "ఊరి నుంచి ఫోను వచ్చింది అంటాడు హాగ్లర్, అది ఉత్త సాకు. మా ఊళ్ళో ఎవడికి తెలుసు? ఈ లోకంలో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకదానివి నువ్వు." అని ఆగి, "అంటే ఒక్కడే" అన్నాడు.

నన్ను లెక్కలోంచి తీసేశాడక్కా, ఆన్సెల్‌ని ఉంచాడు. అడగను కూడా అడగలేదు.

నేను రాసింది నీకొక్కదానికి. నువ్వు చెప్పింది ఇరవై మందికి. ఇక ఏమీ రాయలేను.

వెర్లీ

---

లారెల్ ప్రాంగ్
ఆగస్టు 6, 1949

వెర్లీ,

నువ్వు ప్రార్థన చెయ్యమన్నావు. మనం ప్రార్థన ఎలా చేస్తామో నీకు తెలియదా? ఆ చర్చిలో నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉన్నావు. నోరు మూసుకుని ఒంటరిగా చేసేది ప్రార్థన అని ఆ ఊరు వెళ్ళాక నేర్చుకున్నావా?

నాది తప్పే. ఒప్పుకుంటున్నాను. ఎల్కిన్స్ కొట్టుకి వెళ్ళి అందరి ముందూ దులిపేశాను. అతను దాణా బస్తా మీద కూలబడి, "నేను కాపాడదామనుకున్నానమ్మా" అన్నాడు. ఇద్దరం ఒకే రకం వెధవలం.

కానీ నువ్వు డెల్బర్ట్‌కి నిజం చెప్పు. ఓమా చేసింది అని చెప్పు. తిట్లు నేను పడతాను. ఆ బంతి పట్టే పిల్లవాడి మీదికి పోనివ్వకు.

ఓమా

---

టిల్‌ఫోర్డ్
సెప్టెంబర్ 2, 1949

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

జూలై ముప్పయ్యో తారీఖున నేను నీకు రాసి పోస్టు చేసి వచ్చేలోపే అయిపోయింది. బట్టలు మార్చుకునే గదిలో డెల్బర్ట్ ఆన్సెల్‌ని పట్టుకున్నాడు. "నెమ్మది బంతులు ఎందుకు అడిగావో ఇప్పుడు తెలిసింది, హాగ్లర్‌కి చూపించడానికి" అన్నాడట. ఆన్సెల్, "నేను చెప్పలేదు" అన్నాడు. అంత పెద్ద మనిషి చెయ్యి ఎత్తలేదు. డెల్బర్ట్ తోశాడు, ఇనుప తలుపు మూసుకుంది, ఆన్సెల్ కుడి బొటనవేలు మధ్యలో ఉంది.

బొటనవేలు విరిగిన క్యాచర్‌కి టిక్కెట్టు రావడానికి ఒక్క పూట పట్టింది.

వెళ్ళే ముందు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. చెయ్యి కట్టులో ఉంది. టోపీ ఇంకో చేత్తో తీసి, "వెర్లీ గారూ, నేను చెప్పలేదు. మీరొక్కరైనా నమ్ముతారా?" అన్నాడు.

తల ఊపాను. నోరు తెరవలేదు. చిక్కుడుకాయలు ఒళ్ళోంచి జారిపోయాయి. అతనే వంగి ఎడమచేత్తో ఏరి ఇచ్చి వెళ్ళాడు.

ఇక మిగతాది విను. అదే సాయంత్రం మొదటి బేస్ దగ్గర నిలబడేవాడి చీలమండ మెలిక పడింది. ఇంకెవరూ లేక హాగ్లర్ డెల్బర్ట్‌ని అక్కడ నిలబెట్టాడు. అక్కడ పెద్దగా విసరక్కర్లేదు, పట్టుకుంటే చాలు. బ్యాట్ పట్టుకోవడానికి ఆ భుజం అడ్డు రాలేదు. ఆ రోజు రెండు బంతులు కంచె దాటించాడు. అప్పటి నుంచీ ఈ నెల రోజులూ కొడుతూనే ఉన్నాడు. హాగ్లర్ ఇప్పుడు, "నిన్ను పిచర్ చేసిన గాడిద ఎవడు?" అంటున్నాడు. వచ్చే ఏడు రెండు మెట్లు పైకి పంపిస్తారట.

ప్రార్థన ఫలించిందని మాత్రం రాయకు. ఆ మాట చదవలేను.

చెబుదామని రోజూ పొద్దున లేస్తాను. రోజూ ఆయన, "నువ్వొక్కదానివి లేకపోతే నాకు పిచ్చెక్కేది" అంటాడు. అంతటితో నోరు పడిపోతుంది.

వెర్లీ

---

లారెల్ ప్రాంగ్
జనవరి 11, 1952

వెర్లీకి,

నీ అట్టపెట్టె అందింది. మీ బావకి చొక్కాలు సరిపోయాయి. కాలికి ఇంకా కర్రలు కట్టి ఉన్నాయి. గని పైకప్పు రాయి పడితే కాలొక్కటే విరగడం అదృష్టమని అందరూ అంటున్నారు, ఆయన తప్ప.

లోపల ఉత్తరం ఉంటుందని చొక్కాల జేబులన్నీ వెతికాను. కాలరు కింద కూడా చూశాను. రెండేళ్ళలో నువ్వు పంపించినవి: మూడు క్రిస్మస్ కార్డులు, నీ బిడ్డ ఫోటో ఒకటి, ఈ పెట్టె. కార్డుల మీద "మేం క్షేమం" అని ఉంది, అది డెల్బర్ట్ రాత. పెద్ద ఊళ్ళు ఎక్కేకొద్దీ కొండల అక్క చిన్నగా కనిపిస్తోందా? అలాగైతే చెప్పెయ్, నేనూ కార్డులు కొనుక్కుంటాను.

ఓమా

---

జూన్ 21, 1953

అక్కా,

ఊరి పేరు రాయలేదు, కవరు మీద ముద్ర చూస్తే నీకే తెలుస్తుంది. అవును, పై మెట్టే. పదిహేను రోజుల కిందట పిలిచారు. చివరి మెట్టుకి వచ్చేసరికి పదకొండు ఊళ్ళయ్యాయి. ఎస్టెల్ ఒక ఊళ్ళో పుట్టింది, రెండో ఊళ్ళో పాకింది, మూడో ఊళ్ళో నడిచింది. "ఇల్లు ఎక్కడ?" అని అడిగితే కారు చూపిస్తుంది.

నువ్వు చిన్నగా కనిపించి కాదక్కా రాయనిది. నా ఉత్తరాలు పోస్టు చేసేది డెల్బర్ట్. "ఓమాకి నేనూ రెండు ముక్కలు రాస్తా" అని తెరుస్తాడు. ఆయన చదవగలిగే ఉత్తరం నీకు రాయడం నాకు చేతకాలేదు. ఇవాళ నేనే పోస్టాఫీసుకి నడిచి వచ్చాను. ఇక్కడే నిలబడి రాస్తున్నాను, వెనక ఒకాయన దగ్గుతున్నాడు, తొందరపెడుతున్నాడు.

మైదానం చూస్తే భయమేసింది. మన కొండల్లోని జనమంతా కూర్చున్నా సగం ఖాళీగా ఉంటుంది. ఆటగాళ్ళ భార్యలు టోపీలు పెట్టుకుని ఒక చోట కూర్చుంటారు. నేను చివర కూర్చుంటాను. డెల్బర్ట్‌ని రోజూ ఆడించరు, కీలకమైన సమయంలో బ్యాట్ ఇచ్చి పంపిస్తారు. మొన్న కొట్టాడు. నలభై వేల మంది లేచి నిలబడ్డారు. నేను లేవలేకపోయాను. ఆ బొటనవేలు గుర్తొచ్చింది.

అందరూ ఆయన్ని అడుగుతారు, పిచర్‌వి బ్యాట్స్‌మన్ ఎలా అయ్యావని. ఆయన చెబుతాడు. బాగా చెబుతాడు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

వెర్లీ

---

లారెల్ ప్రాంగ్
జూలై 5, 1953

వెర్లీ,

ఇందులో పేపరు ముక్క పెట్టాను. ఎల్కిన్స్ తెచ్చి ఇచ్చాడు, డెల్బర్ట్ పేరు చూసిన సంతోషంతో, చివరిదాకా చదవకుండానే. నేను చదివి కూర్చుండిపోయాను.

నీ మొగుడు పేపరువాడితో ఏమన్నాడో నువ్వే చూడు. "నా క్యాచర్ నా మీద చాడీ చెప్పకపోతే నేనీ రోజు ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. అలబామాలో కోల్బీ క్రీక్‌కి చెందిన ఆన్సెల్ టిడ్వెల్‌కి నా కృతజ్ఞతలు, అతనెక్కడ ఎవరి చెవిలో ఊదుతున్నాడో." ఊరి పేరుతో సహా! దేశమంతా చదివి నవ్వుకుని ఉంటుంది. కోల్బీ క్రీక్‌లో కూడా పేపరు వస్తుందే.

ఆ చాడీ నువ్వూ నేనూ. నేను చేసిన తప్పు చర్చిలో నిలబడి ఒప్పుకున్నాను, ఎల్కిన్స్ పక్కనే నిలబడ్డాడు. మన కొండల్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఇద్దరే, ఒకడు డెల్బర్ట్, ఒకడు ఆ పిల్లవాడు. నేనే రాసేదాన్ని డెల్బర్ట్‌కి. మీ బావ కలం లాక్కున్నాడు. "అది వెర్లీ నోటి నుంచి రావాలి. నువ్వు ముందే ఒకసారి దాని బదులు మాట్లాడావు" అన్నాడు.

సంసారం విరుగుతుందని భయమా? నువ్వు కాపాడుకుంటున్నది సంసారం కాదే, నీకాయన పెట్టిన పేరు.

ఓమా

---

ఆగస్టు 2, 1953

అక్కా,

ఆన్సెల్‌కి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ చింపేశాను. నువ్వు రాసింది నిజం, అందుకే నీ మీద కోపంగా ఉంది. కొన్నాళ్ళు రాయకు.

వెర్లీ

---

వికరీ, ఫ్లోరిడా
మార్చి 9, 1957

ఓమా అక్కకి, ఎస్టెల్‌కి ముద్దులతో,

అది బడికి సరిగ్గా వెళ్తోందా? పన్ను ఊడితే నాకు పంపమను. ఈ సీజను ఒక్కటీ దాన్ని నీ దగ్గర ఉంచడం కష్టంగానే ఉంది, కానీ ఏడాదికి మూడు బళ్ళు మార్చిన పిల్ల నీ ఇంట్లో ఒకే కిటికీ చూస్తోంది, అది చాలు.

మీ దగ్గర బయలుదేరిన మూడో రోజుకి చేరాం. ప్రయాణం ఒక రోజు ఎందుకు పెరిగిందో చెబుతాను. పొడుగ్గా ఉంటుంది, కూర్చో.

డెల్బర్ట్ మోకాళ్ళు పోయి మెట్లన్నీ దిగి వచ్చిన సంగతి నీకు తెలిసిందే. ఈ అట్టడుగు లీగు జట్టుకి మేనేజరుగా పిలవడంతో ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది. దారిలో మొదటి రోజు కుర్రాళ్ళతో ఏం మాట్లాడాలో వల్లె వేస్తున్నాడు. "మొదట ఆన్సెల్ కథ చెబుతాను" అన్నాడు. "చేయి నొప్పి పెట్టినా కాలు నొప్పి పెట్టినా పక్కవాడికి చెప్పొద్దు, వాడు నీ స్నేహితుడు కాదు, నీ చోటు కోసం కాచుకున్నవాడు. అదీ పాఠం."

ఇరవై మంది కుర్రాళ్ళు నా అబద్ధం నేర్చుకుని దాంతో బతకబోతున్నారక్కా.

"ఆన్సెల్ కాదు. నేను" అన్నాను.

కారు వేగం తగ్గలేదు. "ఏమిటి?" అన్నాడు.

"నేను ఓమాకి రాశాను. ఓమా చర్చిలో ప్రార్థన పెట్టించింది. ఎల్కిన్స్ ఫోను చేశాడు. ఊరి నుంచే వచ్చింది ఫోను."

చాలా దూరం పోయాం. ఒక పొగాకు పొలం పక్కన కారు ఆపి దిగి, గట్టు వెంట నడుచుకుంటూ చిన్నగా అయిపోయాడు. ఇక రాడనుకున్నాను. వచ్చి తలుపు తీసి, కూర్చోకుండా, "ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చుని ఆ కథ విన్నావు" అన్నాడు.

"విన్నాను."

"నవ్వావు కూడా."

"నవ్వాను."

"నీకు చెప్పింది పైకి రాదనుకున్నాను."

"అక్కకి చెప్పుకోకుండా ఉండలేకపోయాను. నీకు చెప్పకుండా మాత్రం ఎనిమిదేళ్ళు ఉన్నాను. అది పెద్ద తప్పు" అన్నాను. ఇంత పొడుగు మాట ఆయనతో నేనెప్పుడూ అనలేదు.

ఆ తర్వాత పెట్రోలు బంకు దగ్గర కోల్బీ క్రీక్‌కి దారి అడిగాడు. నన్నేమీ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ పొలం కంచె దగ్గర ఆగాం. ఆయన చక్రం వదల్లేదు. "నువ్వెళ్ళు. నాకు కాళ్ళు రావడం లేదు" అన్నాడు.

ఆన్సెల్ నాగలికి ఏదో మర బిగిస్తున్నాడు. లావయ్యాడు. బొటనవేలు పక్కకి తిరిగిపోయి ఉంది, పట్టకారు నాలుగు వేళ్ళతో పట్టుకున్నాడు. నన్ను చూసి, "వెర్లీ గారు" అన్నాడు, నిన్న చూసినట్టు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. వంటింటి గుమ్మం దగ్గర తల ఊపిన సంగతి కూడా.

అతను మర బిగించడం ఆపలేదు. బిగించాక, "అతనెక్కడ?" అన్నాడు.

"కారులో."

"అక్కడే ఉండమనండి. మీరు లోపలికి వచ్చి ఈ మాట మా ఆవిడ ముందు చెప్పండి. మా మామగారి ముందు."

బల్ల మీద భోజనం పెట్టి ఉంది. అతని భార్య లీటా చూలాలు. మామగారు మిస్టర్ గాంట్ ముసలాయన, రుమాలు మెడకి కట్టుకుని కూర్చున్నాడు. గోడకి ఆ పేపరు ముక్క మేకు కొట్టి ఉందక్కా! ముసలాయన కొట్టాడట, నాలుగేళ్ళ కిందట. లీటా తర్వాత చెప్పింది, రోజూ బల్ల దగ్గర ఆయన అల్లుడితో, "ఆ ఉప్పు ఇటివ్వు, ఇచ్చినట్టు ఎవరికీ చెప్పకు" అంటాడని.

నేను నిలబడే చెప్పాను. చెప్పడం అయ్యాక లీటా కుర్చీ పట్టుకుని మొగుడి వైపు చూస్తూ, "నేను నిన్ను నమ్మానని అన్నానే, అది పూర్తి నిజం కాదు" అంది. అతను, "తెలుసు" అన్నాడు. ముసలాయన పళ్ళెం లోకి చూస్తూ, "ఉప్పు ఇటివ్వు" అన్నాడు. ఆన్సెల్ ఇచ్చాడు. ముసలాయన ఇంకేమీ అనలేదు. కాసేపటికి లేచి ఆ కాగితం పీకి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేకు అలాగే ఉంది.

అప్పుడు బయట మెట్ల మీద అడుగులు. డెల్బర్ట్ వచ్చి దోమతెర తలుపు అవతల నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని.

ఆన్సెల్ కూర్చున్న చోటు నుంచే, "నేను చెప్పలేదన్నాను" అన్నాడు.

"అన్నావు" అన్నాడు డెల్బర్ట్.

"ఒక్కసారే అన్నాను. స్నేహితుడికి రెండోసారి చెప్పక్కర్లేదనుకున్నాను. నెమ్మది బంతులు నీ చేయి మిగలాలని అడిగాను."

డెల్బర్ట్ ఏదో అనబోయాడు. నా మొగుడికి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు. తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు. చివరికి, "పేపరువాడికి రాస్తాను" అన్నాడు.

"నీ ఇష్టం" అన్నాడు ఆన్సెల్. కాసేపటికి, "తిన్నావా?" అన్నాడు.

"లేదు."

లీటా ఇంకో పళ్ళెంలో మాంసం, చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె వడ్డించింది. మొగుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె తలుపు కొంచెం తెరిచి పళ్ళెం బయటికి అందించి మళ్ళీ మూసింది. డెల్బర్ట్ దాన్ని రెండు చేతులా అందుకుని, మెట్ల మీద మాకు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు.

నాకు బల్ల దగ్గర కుర్చీ వేశారు, ఆన్సెల్ పక్కన. లోపల కూర్చునే తిన్నాను అక్కా.

వెర్లీ